నడి సముద్రంలో ఉద్యోగం... నోరు విప్పితే ఇంటికే!

వంటగదిలో గ్యాసు వాసన గుప్పుమంటే మనం ఏం చేస్తాం? పొయ్యి కట్టేస్తాం. సిలిండరు దగ్గర రెగ్యులేటరు తిప్పేస్తాం. కిటికీలు తెరుస్తాం. లైటు స్విచ్చి ముట్టుకోవద్దని పిల్లల మీద ఒక్క కేక వేస్తాం. ఇదంతా అరనిమిషంలో అయిపోతుంది. "ఆయన్ని ఒకమాట అడిగి అప్పుడు కట్టేద్దాం" అని ఏ ఇల్లాలూ అనుకోదు. అత్తగారు హాల్లోనే కూర్చుని ఉన్నా అనుమతి కోసం ఆగదు. అన్నం ఉడకడం ఆలస్యమైతే అవుతుంది. ముందు ప్రాణాలు!

మరి అదే గ్యాసు సముద్రం అడుగు నుంచి పైకొచ్చే చోట, వందలమంది పగలూ రాత్రీ దాని పక్కనే పనిచేసే చోట, "ఇక్కడ ప్రమాదం ఉంది, పని ఆపండి" అనడానికి మనిషి భయపడాల్సి వస్తే? అన్న పాపానికి ఉద్యోగమే ఊడితే? ఇదేదో సినిమా కథ అనుకోకండి. స్కాట్లాండు పక్కన ఉత్తర సముద్రంలో నిజంగా జరిగింది. 167 మంది ప్రాణాలు పోయాకగానీ అక్కడి పెద్దలకు ఆ భయం ఎంత ఖరీదైనదో తెలిసిరాలేదు.

మనకెందుకులే అనుకోవడానికీ లేదు. మన కాకినాడ తీరానికి ఎదురుగా సముద్రంలో బావులున్నాయి. బొంబాయి సముద్రంలో, గల్ఫ్ దేశాల్లో చమురు పనికి వెళ్ళిన మన తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళ వెనక ఇక్కడ క్యాలెండరు మీద రోజులు కొట్టేసుకుంటూ ఎదురుచూసే ఆడవాళ్ళున్నారు.

నీళ్ళ మీద ఇనుప ఊరు

ప్లాట్‌ఫారం అనగానే మనకు రైలే గుర్తొస్తుంది. చమురు ప్లాట్‌ఫారం వేరు. నడి సముద్రంలో అడుగుదాకా దిగిన ఇనుప కాళ్ళ మీద నిలబెట్టిన కర్మాగారం అది. చమురూ గ్యాసూ తోడే బావులు, వాటిని వేరుచేసే యంత్రాలు, పంపులు అన్నీ ఆ కొంచెం జాగాలోనే. వాటి పక్కనే పడకగదులు, భోజనాల హాలు, వంటిల్లు. అన్నిటికీ పైన హెలికాప్టరు దిగే చదును.

ఉత్తర సముద్రంలో మామూలుగా రెండు వారాలు సముద్రం మీద, రెండు వారాలు ఇంట్లో. అక్కడున్నన్నాళ్ళూ రోజుకు పన్నెండు గంటల డ్యూటీ. డ్యూటీ అయిపోయినా ఇంటికి వెళ్ళే దారుండదు. నిప్పంటుకుంటే వీధిలోకి పరిగెత్తే వీలూ ఉండదు. చుట్టూ నీళ్ళే!

అలాంటి ప్లాట్‌ఫారాల్లో ఒకటి పైపర్ ఆల్ఫా. స్కాట్లాండులోని ఆబర్డీన్ నగరానికి దాదాపు 190 కిలోమీటర్ల దూరంలో ఉండేది. ఆక్సిడెంటల్ పెట్రోలియం అనే కంపెనీ నడిపేది. 1976 నుంచి చమురు తీస్తున్నారు. 1988 జులై 6 రాత్రి దాని మీద 226 మంది ఉన్నారు. వాళ్ళలో ఎక్కువమంది ఆ కంపెనీ సొంత ఉద్యోగులు కారు, రకరకాల కాంట్రాక్టర్లు పంపినవాళ్ళు.

ఒక వాల్వు, రెండు కాగితాలు

ప్రెషర్ కుక్కరుకి సేఫ్టీ వాల్వు ఎందుకో మనకు వేరే చెప్పక్కర్లేదు. వాల్వు తీసేసి, ఆ బెజ్జానికి ఏదో బిళ్ళ అడ్డంపెట్టి కుక్కరు పొయ్యి మీద పెట్టే సాహసం ఎవరైనా చేస్తారా? పైపర్ ఆల్ఫాలో తెలిసి కాదుగానీ, అచ్చంగా అదే జరిగింది.

అక్కడ ద్రవరూపంలో ఉన్న గ్యాసును తోడే పంపులు రెండు. ఒకటి రిపేరు కోసం ఆపారు. దాని సేఫ్టీ వాల్వును పరీక్షకని ఊడదీశారు. సాయంత్రానికి వాల్వు తిరిగి బిగించడం కాలేదు. ఆ చోట ఒక ఇనుప బిళ్ళ పెట్టి మూశారు. అది గ్యాసు ఆపేటంత గట్టిగా బిగించింది కాదు.

ఇలాంటి చోట్ల ప్రతి పనికీ పర్మిట్ కాగితం ఉంటుంది. ఏ యంత్రం విప్పారో, ఏది ముట్టుకోకూడదో అందులో రాస్తారు. పంపు రిపేరుకి ఒక కాగితం, వాల్వుకి ఇంకో కాగితం. సాయంత్రం ఆరింటికి డ్యూటీ మారింది. వాల్వు సంగతి దిగేవాళ్ళ నుంచి ఎక్కేవాళ్ళకు నోటిమాటగా కూడా అందలేదు. రాత్రి పావుతక్కువ పదింటికి రెండో పంపు ఆగిపోయింది. ఎంత ప్రయత్నించినా అది నడవలేదు. డ్యూటీలో ఉన్నవాళ్ళు రిపేరు కాగితం చూశారు. రిపేరు ఇంకా మొదలుకాలేదు కదా, నడపొచ్చు అనుకున్నారు. వాల్వు కాగితం వాళ్ళ కళ్ళబడలేదు. పంపు ఆన్ చేశారు. బిళ్ళ సందుల్లోంచి గ్యాసు తన్నుకొచ్చింది. పది గంటలకు మొదటి పేలుడు!

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. 1987 సెప్టెంబరులో అదే ప్లాట్‌ఫారం మీద ఒక కార్మికుడు పడి చనిపోయాడు. ఆ కేసులో 1988 మార్చిలో కంపెనీ కోర్టులో నేరం ఒప్పుకుంది. అప్పుడు బయటపడ్డ లోపాలు కూడా పర్మిట్ కాగితాలవీ, డ్యూటీ మారేటప్పుడు చెప్పుకోవాల్సినవీ చెప్పుకోకపోవడమే. నాలుగు నెలల తర్వాత అదే లోపం ఇంత పని చేసింది.

ఎదురుచూడమన్నారు... చూశారు

పేలుడుతో కంట్రోలు రూము పోయింది. మైకులో చెప్పేవాళ్ళు లేరు. సముద్రపు నీళ్ళు తోడి మంటలార్పే పంపులు వాటంతటవి నడవకుండా కట్టేసి ఉన్నాయి. నీళ్ళలో గజ ఈతగాళ్ళు పనిచేసేటప్పుడు వాళ్ళని పంపులు లాగేయకుండా అలా కట్టేయడం అక్కడి అలవాటు.

ప్రమాదం జరిగితే గదుల దగ్గర చేరి హెలికాప్టరు కోసం ఆగాలని అందరికీ నేర్పారు. చాలామంది బుద్ధిగా అలాగే చేరారు. కానీ ఆ పొగలో, ఆ మంటలో హెలికాప్టరు దిగే మాటే లేదు. పది ఇరవై అయ్యేసరికి పక్క ప్లాట్‌ఫారం నుంచి వచ్చే పెద్ద గ్యాసు పైపు పగిలింది. ఆ తర్వాత ఇంకోటి. పక్కనున్న టార్టన్, క్లేమోర్ ప్లాట్‌ఫారాల వాళ్ళకు మంటలు కనపడుతూనే ఉన్నాయి. అయినా తమంతట తాము ఉత్పత్తి ఆపేయడానికి అక్కడి అధికారులు వెంటనే సాహసించలేదు. అటు నుంచి చమురూ గ్యాసూ కొంతసేపు వస్తూనే ఉన్నాయి. పొయ్యి కట్టేయడానికి పైవాళ్ళ మాట కోసం ఆగడమంటే ఇదే!

బతికినవాళ్ళలో ఎక్కువమంది, ఆగమన్న చోట ఆగకుండా తాళ్ళు పట్టుకుని దిగినవాళ్ళు, సముద్రంలోకి దూకినవాళ్ళు. కొందరు 50 మీటర్లకు పైగా ఎత్తునుంచి దూకారు. 226 మందిలో 61 మందే మిగిలారు. వాళ్ళని కాపాడటానికి చిన్న పడవలో వెళ్ళిన మరో ఇద్దరు కూడా మంటలకు బలయ్యారు. మొత్తం 167 మంది. వాళ్ళలో ఎక్కువమందిని చంపింది మంట కాదు, పొగ. సముద్రంలో కూలిపోయిన నివాసాల భాగాన్ని ఆ ఏడాది చివర్లో పైకి లాగితే లోపల ఎనభైకి పైగా మృతదేహాలు దొరికాయి. 30 మంది జాడ మాత్రం ఎప్పటికీ దొరకలేదు. ఆ ఇళ్ళలో ఆడవాళ్ళకు కడసారి చూపు కూడా దక్కలేదు.

ఎన్.ఆర్.బి. అంటే...

ఇంత ప్రమాదం పొంచి ఉంటే పనిచేసేవాళ్ళకు ముందే తెలియదా? ఎందుకు చెప్పలేదు? ఈ ప్రశ్న మనకే కాదు, విచారణ జరిపినవాళ్ళకూ వచ్చింది.

జవాబు మూడు అక్షరాల్లో ఉంది. ఎన్.ఆర్.బి. 'నాట్ రిక్వైర్డ్ బ్యాక్'. అంటే, ఈ మనిషి మళ్ళీ అక్కర్లేదు అని. ఉత్తర సముద్రంలో ప్రతి కాంట్రాక్టు కార్మికుడికీ ఈ అక్షరాలు తెలుసు. తిడితే ఎదురు తిట్టొచ్చు. ఉద్యోగం తీసేస్తే కోర్టుకెళ్ళొచ్చు. ఇక్కడ అదేం ఉండదు. రెండు వారాలు పనిచేసి ఇంటికొస్తాడు. మళ్ళీ వెళ్ళే రోజుకి పిలుపు రాదు, అంతే! ఎందుకని అడిగితే జవాబు చెప్పేవాడుండడు. ఇంకో కాంట్రాక్టరు దగ్గరికి వెళ్ళినా ఆ ముద్ర వెంటాడుతుంది. గట్టిగా మాట్లాడేవాడని, యూనియన్ మనిషని, పని ఆపమన్నాడని...

నేల మీద ఫ్యాక్టరీల్లో ఇంత భయం లేదు. బ్రిటన్‌లో 1977లో వచ్చిన నిబంధనల ప్రకారం, గుర్తింపు ఉన్న యూనియన్ తన మనుషుల్ని భద్రతా ప్రతినిధులుగా పెట్టొచ్చు. వాళ్ళు యంత్రాలు చూడొచ్చు, కాగితాలు అడగొచ్చు. ఈ హక్కు సముద్రం మీదికి మాత్రం రాలేదు. అక్కడ యూనియన్ పెట్టడమూ తేలిక కాదు. యూనియన్ నాయకుడు గేటు దగ్గర నిలబడి మాట్లాడదామంటే గేటే లేదు! హెలికాప్టరులో సీటు కంపెనీ ఇస్తేనే వెళ్ళాలి. ఒకే ప్లాట్‌ఫారం మీద పది కాంట్రాక్టర్ల మనుషులుంటారు. కొందరు పైకి వెళ్ళేసరికి ఇంకొందరు ఇళ్ళకు దిగుతారు. అందరూ ఒక్కచోట చేరే రోజే రాదు.

పైగా భద్రత తనిఖీ చేయాల్సిన ప్రభుత్వ శాఖ కూడా ఇంధన శాఖే. చమురు ఎక్కువ తీయించాల్సిందీ ఆ శాఖే, జాగ్రత్తలు చూడాల్సిందీ ఆ శాఖే. దుకాణదారుడి చేతికే తూనికల తనిఖీ అప్పగించినట్టు!

పక్క దేశంలో ఇంకో పద్ధతి

అదే సముద్రానికి అవతలి ఒడ్డున నార్వే ఉంది. అక్కడ కార్మికులు ఎన్నుకున్న భద్రతా ప్రతినిధికి 1977 చట్టం ఒక పెద్ద అధికారం ఇచ్చింది. ప్రాణాలకు ముప్పు ముంచుకొచ్చిందనుకుంటే, పై అధికారితో మాట్లాడే వ్యవధి కూడా లేకపోతే, అతనే పని ఆపించేయొచ్చు. ఆపినందుకు నష్టం వచ్చిందని అతన్ని శిక్షించడానికి లేదు.

అలాగని నార్వేలో ప్రమాదాలు జరగలేదని కాదు. 1980 మార్చి 27న అలెగ్జాండర్ కీలండ్ అనే తేలే నివాసం తుఫాను గాలిలో తిరగబడి 123 మంది చనిపోయారు. చట్టం ఒక్కటే అన్నిటినీ ఆపలేదు. కానీ వంటింట్లో మనకున్న పాటి అధికారం కార్మికుడికీ ఉండాలని ఆ చట్టం ఒప్పుకుంది.

ప్లాట్‌ఫారం దిగం!

పైపర్ ఆల్ఫా తర్వాత కార్మికులు ఊరుకోలేదు. 1989లో వేర్వేరు యూనియన్ల వాళ్ళు, ఏ యూనియనూ లేనివాళ్ళు కలిసి ఓ.ఐ.ఎల్.సి. అనే సంఘం పెట్టుకున్నారు. దానికి రోనీ మెక్‌డొనాల్డ్ నాయకుడు. 'బ్లోఅవుట్' అని సొంత పత్రిక కూడా నడిపారు. తమ పేరు బయటపడితే పని పోతుందని భయపడేవాళ్ళు చూసిన ప్రమాదాలను అందులో రాసుకున్నారు.

1989, 1990 వేసవుల్లో సమ్మెలు జరిగాయి. 1990లో కొన్ని ప్లాట్‌ఫారాల మీద కార్మికులు పని ఆపేసి అక్కడే కూర్చున్నారు. ఒడ్డుకి దిగితే మళ్ళీ ఎక్కనివ్వరని వాళ్ళకు తెలుసు. వాళ్ళడిగింది జీతం పెంచమని మాత్రమే కాదు. యూనియన్‌ని గుర్తించమన్నారు, భద్రత విషయంలో తమ మాటకు విలువ ఇమ్మన్నారు. ఫలితం? వందలమందికి మళ్ళీ పిలుపు రాలేదు. ఆ వందల ఇళ్ళలో నెల సరుకులు ఎలా వచ్చాయో, ఫీజులు ఎలా కట్టుకున్నారో మనం ఊహించుకోవచ్చు. భద్రత కోసం మగవాళ్ళు చేసిన ఆ పోరాటానికి సగం ఖర్చు ఇల్లాళ్ళే పెట్టుకున్నారు.

ఓ.ఐ.ఎల్.సి. తర్వాత సొంత యూనియన్‌గా నిలబడింది. 2008లో ఆర్.ఎం.టి. అనే పెద్ద యూనియన్‌లో కలిసిపోయింది.

జడ్జీగారు చెప్పింది

ప్రభుత్వం లార్డ్ కలెన్ అనే న్యాయమూర్తితో విచారణ జరిపించింది. 1990 నవంబరులో ఆయన నివేదిక వచ్చింది. అందులో 106 సిఫారసులు. అన్నిటినీ ఒప్పుకున్నారు. తనిఖీ బాధ్యత 1991లో ఇంధన శాఖ నుంచి తీసి, భద్రత మాత్రమే చూసే సంస్థకు ఇచ్చారు. ఏ ప్లాట్‌ఫారం నడపాలన్నా ముందుగా అక్కడ ఏమేం ప్రమాదాలు రావచ్చో, వాటికి ఏం చేశారో కంపెనీయే రాసి ఒప్పించుకోవాలన్నారు.

భద్రతా ప్రతినిధుల సంగతి? 1989లోనే కొత్త నిబంధనలు వచ్చాయి. ప్లాట్‌ఫారం మీది కార్మికులు తమ ప్రతినిధుల్ని ఓటేసి ఎన్నుకోవచ్చు. అయితే యూనియన్ నేరుగా పెట్టుకునే హక్కు ఇవ్వలేదు. ఎన్నికైన మనిషి వెనక సంఘం బలం లేకపోతే అతను ఒంటరివాడే కదా అని యూనియన్లు వాదించాయి. మాట్లాడినందుకు ప్రతినిధిని వేధించకూడదని 1992లో ప్రత్యేకంగా ఒక చట్టం తెచ్చారు. అలాంటి చట్టం అవసరమైందంటేనే అంతకుముందు సంగతి ఏమిటో అర్థమవుతుంది.

కంపెనీ మీద మాత్రం క్రిమినల్ కేసు పెట్టలేదు. పోయినవాళ్ళ కుటుంబాలూ, బతికినవాళ్ళూ కలిసి సంఘం పెట్టుకుని ఏళ్ళ తరబడి అడిగారు. ఆబర్డీన్‌లోని హేజిల్‌హెడ్ పార్కులో ముగ్గురు చమురు కార్మికుల కంచు విగ్రహాలున్నాయి. స్యూ జేన్ టేలర్ అనే శిల్పి చేసింది. 1991 జులై 6న ఆవిష్కరించారు. కింద 167 పేర్లూ చెక్కి ఉన్నాయి.

మన సముద్రాల్లో...

2005 జులై 27. బొంబాయికి పశ్చిమంగా సుమారు 160 కిలోమీటర్ల దూరంలో ఓ.ఎన్.జి.సి. వారి ముంబయి హై నార్త్ ప్లాట్‌ఫారం. దగ్గర్లో ఉన్న ఓడలో ఒక వంటమనిషికి వేళ్ళు తెగాయి. వానలూ గాలుల వల్ల హెలికాప్టర్లు ఎగరడం లేదు. అతన్ని వైద్యం కోసం ప్లాట్‌ఫారం మీదికి చేర్చే ప్రయత్నంలో ఓడ ఊగి గ్యాసు పైపుకి తగిలింది. మంటలు! రెండు గంటల్లో ప్లాట్‌ఫారమే లేదు. 362 మందిని కాపాడారు. 22 మంది పోయారు, వాళ్ళలో సగం మంది దొరకనే లేదు.

మన దేశంలో సముద్రం మీది చమురు పనుల భద్రతకు ప్రత్యేక నిబంధనలు 2008లో వచ్చాయి. అయినా 2021 మే 17న తౌక్తే తుఫానుకి పి-305 అనే నివాసపు బార్జి మునిగింది. అందులో ఉన్నది 261 మంది. అదే తుఫానులో వరప్రద అనే టగ్గు కూడా మునిగింది. రెండూ కలిపి 86 మంది చనిపోయారు. వాళ్ళు చమురు కంపెనీ సొంత ఉద్యోగులు కారు, కాంట్రాక్టు పనికి వెళ్ళినవాళ్ళు. తుఫాను హెచ్చరికలు ముందే ఉన్నాయి. "మనం ఒడ్డుకి పోదాం" అని గట్టిగా అడిగి, అడిగినందుకు పని పోకుండా నిలబడగలిగే మనిషి అక్కడ ఎవరు?

మన తీరమూ ఇప్పుడు చమురు తీరమే. రవ్వ క్షేత్రం ఎప్పట్నుంచో ఉంది. 2009లో కాకినాడ సముద్రంలో కె.జి. డి-6 గ్యాసు మొదలైంది. 2024 జనవరిలో ఓ.ఎన్.జి.సి. అదే సముద్రపు లోతుల్లోంచి ముడి చమురు తీయడం మొదలుపెట్టింది. మన రాజ్యాంగం 19వ అధికరణంలో సంఘం పెట్టుకునే హక్కు అందరికీ ఇచ్చింది. అయితే సౌదీ అరేబియా, యు.ఏ.ఇ. లాంటి చోట్లకు వెళ్ళేవారికి ఆ మాత్రం కూడా ఉండదు. అక్కడ కార్మిక సంఘాలకు అనుమతి లేదు.

మీ ఇంట్లో వారు సముద్రం పనికి వెళుతుంటే...

* నియామకపు ఉత్తరం, ఒప్పందం జిరాక్సు ఇంట్లో ఉంచండి. పంపే కాంట్రాక్టరు పేరు, అసలు కంపెనీ పేరు, రెండూ రాసిపెట్టుకోండి.

* ఈసారి ఏ ప్లాట్‌ఫారం, ఏ బార్జి, ఏ ఓడ? ఒడ్డున ఆఫీసు ఫోను నంబరు ఎంత? ప్రతిసారీ అడగండి. పేర్లు మారుతుంటాయి.

* నీళ్ళలో పడితే బయటపడే శిక్షణ, హెలికాప్టరు నీళ్ళలో పడితే తప్పించుకునే శిక్షణ ఇచ్చారా? సర్టిఫికెట్ గడువు ఎప్పటిదాకా?

* అక్కడ యూనియన్ ఉందా? భద్రతా కమిటీలో కార్మికుల తరఫున ఎవరున్నారు? ఆ పేరు మీకూ తెలిసి ఉండాలి.

* ఇన్సూరెన్సులో, పి.ఎఫ్.లో నామినీ ఎవరు? పెళ్ళి కాకముందు రాసిన పేరే ఇంకా ఉందేమో చూడండి.

* ఒకే బార్జి మీద పనిచేసేవాళ్ళ భార్యలు ఒకరి నంబరు ఒకరి దగ్గర పెట్టుకోండి. కబురు తెలియని రాత్రి అదే పెద్ద అండ.

ఇవన్నీ ఒక ఎత్తు. ఇంకోటి ఉంది, అది మన చేతుల్లోదే. సెలవుకి ఇంటికొచ్చిన మనిషి అన్నం తింటూ ఎప్పుడో ఒక మాట అంటాడు. ఫలానా చోట మెట్లు తుప్పు పట్టాయనో, లైఫ్ జాకెట్లు సరిపోవనో, వాల్వు కారుతుంటే ఎవరూ పట్టించుకోవడం లేదనో. "మీకెందుకండీ ఇవన్నీ, నలుగురితో పాటు నారాయణా అనుకోండి, ఉద్యోగం పోతే పిల్లల గతేమిటి?" అని మనం అనేస్తాం. భయంతోనే అంటాం, ప్రేమతోనే అంటాం. అప్పు ఉంటుంది, స్కూలు ఫీజు ఉంటుంది. ఆ భయం అబద్ధం కాదు.

కానీ ఒక్కడు చెబితే ఉద్యోగం పోతుంది. నలుగురూ కలిసి చెబితే, వాళ్ళ వెనక యూనియన్ ఉంటే, కాగితం మీద రాసి తేదీ వేసి ఇస్తే, అంత తేలిగ్గా తీసేయలేరు. ఈసారి ఆయన ఆ మాటెత్తితే నోరు నొక్కకండి. "ఈ సంగతి మీ యూనియన్ వాళ్ళకు చెప్పారా? రాసిచ్చారా?" అని అడగండి.